పళ్ళెపురాయి గట్టు మీద రిబ్బన్లు

బాతు పిరింగ్ ఊళ్ళో ఒకప్పుడు పదకొండు ఇళ్ళవాళ్ళు సున్నం కాల్చేవారు. ఇప్పుడు మిగిలింది మస్దారి ఒక్కడే. వయసు డెబ్భై రెండు. అతని బట్టీ ముప్పై ఒక్క ఏళ్ళుగా పగుళ్ళివ్వలేదు. మహాకం ఏటికి ఈ ఒడ్డున అంతకాలం నిలిచిన బట్టీ మరొకటి లేదు. ఊరి మసీదు మినారుకు మూడుసార్లు సున్నం వేసినవి అతని చేతులే. పాత రాజుల పట్నంలో ఉత్సవమైతే తాంబూలం పళ్ళెంలోకి సున్నం ఆరేళ్ళపాటు అతని బట్టీ నుంచే వెళ్ళింది. అడవులు తగలబడిన ఏడు, పొగలో పక్కమనిషి ముఖం కనపడని రోజుల్లో, మంటకూ ఊరికీ మధ్య నలభై బారల గడ్డి కోయించి ముందు నిలబడ్డవాడూ అతనే. బడికి వెళ్ళింది మూడేళ్ళే గానీ, ఆ మూడేళ్ళూ తరగతిలో మొదటివాడు. ఈ సంగతులు ఊరందరికీ తెలుసు. తెలియనివాళ్ళెవరైనా వస్తే అతనే కూర్చోబెట్టి చెబుతాడు.

అన్నిటికంటే పెద్ద విద్య అతని నాలుకది. ఊరి పక్క గుట్టకు తూర్పున కత్తితో కోసినట్టు నిలబడ్డ తెల్లగట్టు ఒకటుంది. పొడవు అరవై అడుగులు, ఎత్తు మూడు నిలువులు. అట్టడుగున బూడిదరంగు బంకమట్టిలో పలచని రాతి పళ్ళాలు దొంతర పేర్చినట్టుంటాయి. అది పళ్ళెపురాయి. బాతు పిరింగ్ అంటే అక్కడి మాటలో పళ్ళెపురాయే, ఊరికి పేరు దాన్నిబట్టే వచ్చింది. దాని మీద వేళ్ళు ముడిచినట్టున్న వేళ్ళరాయి, ఆపైన గుండ్రంగా బుర్రరాయి. వానలకు రాలిన ముక్కల్లో ఏది కాలితే వెన్నలా విచ్చుతుందో, ఏది మట్టిగడ్డగా మిగిలిపోతుందో కంటికి తెలియదు. మస్దారి ముక్కను నాలుక మీద ఆనిస్తాడు. నాలుకను పట్టుకుంటే అందులో బురద ఉన్నట్టు, పారేస్తాడు. జారిపోతే బట్టీలోకి. తండ్రి నేర్పిన విద్య అది. ఊళ్ళో ఇంకెవరికీ తెలియనివ్వలేదు.

అందుకే వానలు వెనకబట్టిన నెలలో, మోటారు సైకిలు మీద జావా నుంచి వచ్చిన, రాళ్ళ చదువు చదువుతున్నానని చెప్పుకున్న లరాసతి అనే పిల్ల, సుత్తితో గట్టు కొట్టి, ముక్క తీసి, అటూ ఇటూ చూసి నాలుక మీద పెట్టుకోవడం పొదల వెనకనుంచి చూసినప్పుడు అతని ఒళ్ళు జలదరించింది. తిన్నగా ఇంటికి వచ్చాడు.

"ఆ పిల్ల రాయి నాకింది," అన్నాడు.

"ఆకలేసిందేమో," అంది భార్య రుస్మినా, చేప తోముతూ.

"నవ్వులాట కాదే. మా నాన్న నాకు చెప్పడానికే పదేళ్ళు ఆలోచించాడు. దానికెవరు చెప్పారు?"

"నువ్వే చెప్పుంటావు. కాఫీ కొట్టు ముందు కూర్చుంటే నీకు తెలియకుండానే నోరు నడుస్తుంది."

"నాలుక సంగతి ఎవరికీ చెప్పలేదు."

"నాతోనే నాలుగు వందల సార్లు చెప్పావు."

నాలుక సంగతి అటుంచినా ఇంకో ముల్లు అతన్ని వదల్లేదు. ఆ పిల్ల బుర్రరాయిని, కాలిస్తే పాలలాంటి సున్నమయ్యే రాయిని, తట్టి వదిలేసింది. అడుగున ఉన్న బంకమట్టిని మాత్రం పాపిడి తీసినంత జాగ్రత్తగా పెళ్ళగించి, చిన్న సంచుల్లో వేసి, అంకెలు రాసింది. మంచిది వదిలి చెత్త ఏరుకునే మనిషిని మస్దారి ఇంతవరకు చూడలేదు. చెత్తలో ఏదో ఉండాలి. లేదా చెత్త అనేది పైకి చెప్పే మాటై ఉండాలి.

ఆ ప్రాంతంలో అలాంటి అనుమానం ఊరికే పుట్టదు. తొమ్మిదేళ్ళ కిందట పక్క ఊరికి మర్యాదస్తుడొకడు వచ్చాడు. పిట్టల్ని లెక్కపెడతానన్నాడు, అందరి ఇళ్ళలో అన్నం తిన్నాడు, వాళ్ళ గుట్ట మీద చెట్లకు గులాబీ రంగు రిబ్బన్లు కట్టాడు. పిట్టల్ని కాపాడే గుర్తులట అవి. ఏడాది తిరిగేసరికి ఆ గుట్ట లేదు, బొగ్గు గొయ్యి ఉంది. గోతిలో నల్లనీళ్ళు నిలిచి ఉన్నాయి. అడవిలో చెట్లు కొట్టే కంపెనీల కాలం నుంచీ అంతే. రిబ్బను కట్టిన చెట్టు పడిపోవాల్సిందే. అక్కడి పసిపిల్లను అడిగినా చెబుతుంది.

అయిదోరోజు లరాసతి గట్టుకు రిబ్బన్లు కట్టింది. సంచి తీసిన ప్రతిచోటా ఒక మేకు, మేకుకు ఒక గులాబీ రిబ్బను, దాని మీద అంకె. మస్దారి లెక్కపెట్టాడు. ఇరవై మూడు.

ఆ సాయంత్రం సాయమా కాఫీ కొట్టుకు వెళ్ళి ఆ పిల్లకు ఎదురుగా కూర్చున్నాడు. సాయమా కొట్టు వెనక గదే లరాసతి బస.

"బజ్జీ బాగుందా అమ్మాయ్?"

"చాలా బాగుంది తాతా. కరకరమంటోంది."

"అరటికాయ ముక్కల్ని నా సున్నపు తేటలో నానబెడుతుంది సాయమా. ఆ కరకర నాది." కాఫీ ఒక గుక్క తాగాడు. "బురదెందుకు నీకు?"

లరాసతి నవ్వింది. "బురద కోసమే వచ్చాను. రెండు కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉండేది తాతా. ఇప్పట్లాగే ఏరు మట్టి మోసుకొచ్చి అందులో కలిపేది. మీ రాళ్ళన్నీ ఆ మురికినీళ్ళలో పెరిగిన పగడాలు. పైనుంచి వెలుతురు సరిగా అందేది కాదు కదా, అందినంత పట్టుకోడానికి పళ్ళాల్లా పరుచుకున్నాయి."

"నువ్వు చూశావా?"

"లేదు."

"మా బావమరిది సముద్రం ఒడ్డునే ఉంటాడు. ఏటి బురదకి పగడమంతా చచ్చింది, చేప లేదని మొత్తుకుంటాడు. నీ పగడాలేమో బురద తాగి బలిశాయంటావు."

"నేను అడిగేదీ అదే తాతా. అవెలా బతికాయో తెలిస్తే, ఇవెందుకు చస్తున్నాయో తెలుస్తుంది. బుర్రరాయిలో ఆ కబురు లేదు. బురదలో ఉంది."

జవాబు తడుముకోకుండా వచ్చింది. తడుముకోకుండా వచ్చే జవాబు ముందే నేర్చుకున్నది అయి ఉంటుందని మస్దారి అనుకున్నాడు.

"మరి ఆ రిబ్బన్లు?"

"ముట్టుకోకూడదని గుర్తు. బొగ్గు లారీల రోడ్డు ఇటే వస్తోంది. రిబ్బన్లున్న చోటును వదిలేసి రోడ్డు వేసుకోమని జిల్లా ఆఫీసుకి రాశాను. మీ గట్టు ఉండిపోతుంది తాతా."

మస్దారి తల ఊపాడు. పిట్టల మనిషీ ఇదే మాట చెప్పాడు. ఇదే నవ్వుతో చెప్పాడు. అతనికీ బజ్జీలు ఇష్టమే.

లరాసతి పన్నెండు రోజులకని పట్నం వెళ్ళింది. సంచులన్నీ సాయమా గదిలో పెట్టి తాళం వేసుకుంది. తాళం చూసి మస్దారి అనుమానం ఇంకో గుప్పెడు పెరిగింది. బురదకి తాళమేమిటి?

శుక్రవారం నమాజు అయ్యాక ఊరంతా అన్నాలు తిని కునుకుతీసే వేళ అతను నిచ్చెన మోసుకుని గట్టు దగ్గరికి వెళ్ళాడు. గుట్టకు అవతల, మూడు వందల అడుగులు వేసి వెళితే, వట్టి బంకమట్టి దిబ్బ ఉంది. ఫెర్న్ చిగుళ్ళు తప్ప అక్కడ ఏదీ మొలవదు. రిబ్బన్లను మేకులతో సహా ఒక్కొక్కటే ఊడదీసి ఆ దిబ్బకు మార్చాడు. ఊరికే మార్చలేదు. ఒకటికీ రెండుకీ మధ్య నాలుగు జానలుంటే అక్కడా నాలుగు జానలే. ఏడోది తల ఎత్తున ఉంటే అక్కడా తల ఎత్తునే. ఇరవై మూడూ వరస తప్పలేదు. పిట్టల మనుషులు, బొగ్గు మనుషులు, ఎవరైనా వచ్చి ఆ దిబ్బను తవ్వుకుపోనీ. చెమట తుడుచుకుని వెనక్కి నిలబడి చూసుకుంటే, మినారుకు సున్నం వేసిన రోజు కలిగినంత తృప్తి కలిగింది.

లరాసతి వెళ్ళిన తొమ్మిదోరోజు రోడ్డు కంపెనీ మనుషులు వచ్చారు. వాళ్ళ పెద్ద సుగెంగ్ అనే బక్కపలచటి మనిషి. చేతిలో కాగితం, భుజాన ఎర్రరంగు పూసిన మేకుల సంచి. వాళ్ళు ఆ మట్టిదిబ్బ దగ్గర ఆగుతారని, అక్కడే మేకులు కొడతారని మస్దారి బట్టీ దగ్గర కూర్చుని ఎదురుచూశాడు. వాళ్ళు ఆగారు. రిబ్బన్లు చూశారు. ఫొటో తీసుకున్నారు. తరవాత దిబ్బను వదిలేసి, గుట్ట చుట్టూ తిరిగి, తెల్లగట్టు ముందు మొదటి మేకు కొట్టారు.

మస్దారి లేచి వెళ్ళాడు. "ఇక్కడెందుకు కొడుతున్నావు?"

"రోడ్డు ఇక్కడేగా పెద్దాయనా."

"రిబ్బన్లు అక్కడున్నాయి."

"అందుకే మరి. రిబ్బన్లున్న చోటు ముట్టుకోవద్దని ఆఫీసు ఆర్డరు." సుగెంగ్ కాగితం చూపించాడు. "నాకేం అర్థం కాదులే. వట్టి మట్టిదిబ్బకి అంత గౌరవమేమిటో. ఈ గట్టయితే నాలుగు రోజుల్లో దించేస్తాం, రోడ్డు కిందకి రాయీ కలిసొస్తుంది."

మస్దారి కాగితం తీసుకుని చదివాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. ముద్ర చూశాడు. సంతకం చూశాడు. కాగితం ఎండకు పట్టి చూశాడు. ఎక్కడా మోసం కనపడలేదు. డెబ్భై రెండేళ్ళలో మొదటిసారి, మోసం కనపడితే బాగుండునని అనిపించింది.

రెండు రోజులు బట్టీ వెలిగించలేదు. కాగితం కూడా నాటకమేమో, ఆ పిల్లా ఈ మేకుల మనిషీ కలిసి తననే పరీక్షిస్తున్నారేమో అని ఒక పూట అనుకున్నాడు. ఆ ఆలోచన ఎంతోసేపు నిలవలేదు. మేకులు మాత్రం గట్టు ముందు నిలబడే ఉన్నాయి.

మూడోరోజు పొద్దున రుస్మినా దిబ్బ మీద కూరకి ఫెర్న్ చిగుళ్ళు కోసుకుని వచ్చింది. బుట్ట దించి, మొగుడి ముఖం చూడకుండానే అంది:

"దిబ్బ మీద రిబ్బన్లు భలే కట్టారు."

"ఊఁ."

"ఆ ముడి నాకు తెలుసు. నలభై ఆరేళ్ళుగా నా ఇంట్లో ప్రతి సున్నం బస్తా మూతికీ అదే ముడి. విప్పలేక నా గోళ్ళు విరిగాయి."

మస్దారి చిగుళ్ళ బుట్టలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఇవాళ ఆ పిల్ల వస్తోందిట. జిల్లా ఆఫీసు నుంచి పెద్దమనిషిని వెంటబెట్టుకొస్తోంది. సాయమా కోడిని కోసింది," అంది రుస్మినా. "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"ఏం చెప్పను? మూడుసార్లు మినారు ఎక్కినవాణ్ణి..."

"మినారు ఎక్కావు. ఇప్పుడు దిగు."

మధ్యాహ్నానికి దిబ్బ దగ్గర ఊళ్ళో సగం జనం పోగయ్యారు. లరాసతి ముఖం పాలిపోయి ఉంది. ఆఫీసు అధికారి గజాలీ, తెల్లజుట్టు మనిషి, కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"మార్చింది మీరే," అంది లరాసతి సుగెంగ్ వైపు తిరిగి. "గట్టు మీకు అడ్డం కాబట్టి మార్చారు."

"నా పిల్లల మీద ఒట్టు మేడమ్, నేనొచ్చేసరికే ఇక్కడున్నాయి." సుగెంగ్ భుజాన ఉన్న మేకుల సంచి కింద పెట్టాడు. "ఈమాట మీరు రాస్తే రేపటికి నాకు పని ఉండదు."

"మీ కంపెనీ వాళ్ళు కాకపోతే ఇంకెవరికి అవసరం?"

మస్దారి జనంలోంచి ముందుకు వచ్చి, ఒక రిబ్బను ముడిని వేలితో ముట్టుకున్నాడు.

"ఈ ముడి నాది," అన్నాడు. "ఇరవై మూడూ నావే. నీ మాట అబద్ధమనుకున్నానమ్మాయ్."

లరాసతి అతని వైపు తిరిగింది. "నేను చెప్పాను కదా తాతా."

"చెప్పావు. పిట్టల మనిషీ చెప్పాడు."

గజాలీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "సరే. ఒకసారి మార్చినవాడివి ఇప్పుడు నిజం చెబుతున్నావని నేనెలా నమ్మాలి? నీ బట్టీకి రాయి ఆ గట్టుదే. గట్టు నిలబడితే లాభం నీకు. కంపెనీవాళ్ళు ఇదే అడుగుతారు, నేనేం జవాబు చెప్పను?"

అనుమానం తన వైపు తిరిగి చూస్తే ఎలా ఉంటుందో మస్దారికి అప్పుడు తెలిసింది. కోపం వచ్చింది. అంతలోనే ఆ మనిషి మీద కాస్త గౌరవమూ కలిగింది. తనైనా అలాగే అడిగేవాడు.

"ఫొటోలు లేవా అమ్మాయ్?" అన్నాడు గజాలీ.

"ఉన్నాయి సర్. అన్నీ దగ్గర్నుంచి తీసినవి. మట్టి మట్టిలాగే ఉంది. గట్టు నిండా వాన కొట్టిన గుంటలే. చోటు చూపించే యంత్రం గట్టు కింద గుట్టకి ఇవతలొకసారి, అవతలొకసారి చూపిస్తోంది."

"సంచులున్నాయిగా," అన్నాడు మస్దారి. "పట్టుకురండి. అంకె నాకు చూపించొద్దు. గుడ్డ కప్పి ఇవ్వండి. ఏ చోటుదో నేను చెబుతాను."

"ఎలా?"

మస్దారి ఊరివాళ్ళ వైపు ఒకసారి చూశాడు. పదేళ్ళు ఆలోచించి తండ్రి ఇచ్చిన విద్య. "నాలుకతో," అన్నాడు.

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. లరాసతి నవ్వలేదు.

అందరూ తెల్లగట్టు దగ్గరికి నడిచారు. గజాలీ తనే సంచి ఎంచి, దాని మీది అంకెను చేత్తో మూసి, ముక్క తీసి ఇచ్చాడు. మస్దారి దాన్ని నాలుకకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. గట్టిగా పట్టుకుంది. సన్నటి బంక. గరుకు లేదు. పళ్ళాల కింది వరస, ఉత్తరపు చివర. నడిచి వెళ్ళి మోకాలి ఎత్తులో గట్టును తడిమాడు. సుత్తి తాకిన గుంట వేలికి తగిలింది. ముక్కను అందులో పెట్టి తిప్పాడు. విరిగిన కుండపెంకు కుండలో కూర్చున్నట్టు కూర్చుంది.

గజాలీ వంగి చూశాడు. రెండో సంచి తీశాడు.

అది వేళ్ళరాయి మొదలయ్యే చోటు. నిచ్చెన ఎక్కి పెట్టాడు. కూర్చుంది. మూడోది పెట్టబోతే గుంటలో ఇమడలేదు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మళ్ళీ నాలుక మీద పెట్టుకున్నాడు. చెమట కళ్ళలోకి దిగింది.

"తేలిపోయిందిగా," అన్నాడు జనంలో ఒకడు.

"సాయమా బజ్జీ నూనె ఇంకా నాలుక మీద ఉంది, ఆగు," అన్నాడు మస్దారి. రుస్మినా సీసాతో నీళ్ళిచ్చింది. పుక్కిలించి ఉమ్మి, మూడోసారి ఆనించాడు. ఈసారి పట్టు కొంచెం వదులుగా, చివర ఇసుక పలుకు తగిలినట్టుంది. జానెడు పైకి, ఎడమకు జరిగాడు. ముక్క లోపలికి వెళ్ళి నిలబడిపోయింది. చెయ్యి తీసినా రాలలేదు.

పదకొండు సంచుల దాకా గజాలీ ఆపలేదు. పన్నెండో ముక్క తీసి, చేతిలో తూచి, మళ్ళీ సంచిలో పడేశాడు.

"సుగెంగ్," అన్నాడు. "మేకులు పీకించు. రోడ్డు దిబ్బ మీదుగా పోనీ."

సుగెంగ్ మొదటి మేకు తనే పీకాడు. మస్దారి ముందునుంచి వెళుతూ, "పెద్దాయనా, ఈసారి ఎవరినైనా అనుమానించాలంటే ముందు నాకో మాట చెప్పు. నా పని పోయేది," అన్నాడు.

"నిన్ను అనుమానించలేదురా నాయనా. నీ ముఖం చూస్తే మోసం చేసే తెలివి ఉన్నట్టు లేదు."

సాయమా కొట్టులో కోడికూర, పసుపన్నం తిన్నాక గజాలీ కాగితం రాయించాడు. మస్దారి సాక్షి సంతకం చేయాలి. చదవనిదే సంతకం చేయనన్నాడు. అక్షరం అక్షరం చదువుతూ నాలుగో వాక్యం దగ్గర ఆగాడు.

"ఇక్కడ 'గట్టు నుంచి ఎవరూ రాయి తీయరాదు' అనుంది."

"అవును తాతా," అంది లరాసతి. గొంతు తగ్గింది. "కంపెనీకైనా, ఊరికైనా ఒకటే."

"నాకైనా."

"మీకైనా."

మస్దారి కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు. అనుమానం పూర్తిగా తప్పు కాదన్న మాట. కానీ దాన్ని పట్టుకుని లాభం లేదు. నాలుగు రోజుల్లో గట్టే లేకుండా పోయేది, తన చేతుల మీదుగా.

"రాలిన రాయి?" అన్నాడు. "నేనెన్నడూ గట్టును కొట్టలేదు. మా నాన్నా కొట్టలేదు. వానకి రాలింది ఏరుకున్నాం. గట్టును కొట్టింది నువ్వే అమ్మాయ్, ఇరవై మూడు చోట్ల."

లరాసతి గజాలీని చూసింది. గజాలీ కళ్ళజోడు పైనుంచి మస్దారిని చూసి, కలం ఇలా ఇమ్మన్నట్టు చెయ్యి చాపాడు. నాలుగో వాక్యం కింద ఇంకో వాక్యం చేరింది: తనంతట రాలిన రాయిని ఈ ఊరి సున్నం కాల్చేవారు ఏరుకోవచ్చు. మస్దారి దాన్ని రెండుసార్లు చదివి, బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో సంతకం చేశాడు.

మర్నాడు ఇద్దరూ కలిసి రిబ్బన్లు మళ్ళీ గట్టుకు కట్టారు. లరాసతి అంకెలు చదివింది, మస్దారి మేకులు కొట్టాడు. ముడులు తను వేస్తానంది. మీ ముడి విప్పడం ఎవరివల్లా కాదట కదా తాతా అంది. విప్పకూడదనేగా అన్నాడతను, ముడి తనే వేస్తూ.

వెళ్ళే ముందు లరాసతి చివరిసారి లెక్కపెట్టింది. గట్టు మీద ఇరవై మూడు. మోటారు సైకిలు ఎక్కబోతూ ఆగి బట్టీ వైపు చూసింది. బట్టీ నోటి పక్కన, కాలిన ఇటుకల మధ్య తుప్పుపట్టిన మేకు ఒకటి, దానికి కొస నుంచి కత్తిరించిన గులాబీ రిబ్బను ముక్క ఒకటి ఉన్నాయి. అంకె లేదు. ముడి మాత్రం సున్నం బస్తా ముడి.

"అదేంటి తాతా?"

"ఏది?" అన్నాడు మస్దారి, రాలిన బుర్రరాయి ముక్కను నాలుక మీద పెట్టుకుంటూ.